హోస్కోట వైపు దొరికే పులిసిన బీరు పిప్పి దాణా: బ్రాయిలర్లకి పెట్టి చూశాక

ముందే చెప్పేస్తాను, కంపెనీ కాంట్రాక్టులో కోళ్ళు పెంచేవాళ్ళకి ఈ రివ్యూతో పనిలేదు. పిల్లలు కంపెనీవే, దాణా కంపెనీదే, మందులూ వాళ్ళవే, మనకి కిలోకి ఇంత అని పెంపకం కూలి లెక్కగట్టి ఇస్తారు, ఆ షెడ్డులో బయటి సరుకు గుప్పెడు కలిపినా సూపర్‌వైజరుతో గొడవే. ఇది సొంతంగా పిల్లల్ని కొని, దాణా సొంతంగా కలుపుకుని, బెంగళూరు పక్కన కేఆర్ పురం, హోస్కోట, మాలూరు వైపు చికెన్ షాపులకీ మెస్సులకీ అమ్ముకునే నాలాంటి చిన్నవాళ్ళ కోసం. మదనపల్లె, చింతామణి వైపు నుంచి వచ్చి ఇక్కడ షెడ్డు వేసుకున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు, ఈ మధ్య వాళ్ళలో చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు, "అన్నా, ఆ బీరు డ్రమ్ములు తెప్పిస్తున్నావంట కదా, పనికొస్తుందా?" అని. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ఒక్క ముక్కలో అయితే, సరుకు మంచిదే, దాన్ని అమ్మే మాటలే మంచివి కావు. సోయా చెక్క ఖర్చు తగ్గించుకోవడానికి కొంటే నష్టపోతారు. చివరి రెండు వారాల్లో కొద్దిగా కలుపుకోవడానికి కొంటే ఓకే.

సరుకేమిటో తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఇందిరానగర్, కోరమంగల, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు, ఎటు చూసినా బ్రూ పబ్బులే, ఇక నెలమంగల వైపు పెద్ద ఫ్యాక్టరీలు సరేసరి. బార్లీ మాల్టుని దంచి వేడినీళ్ళలో నానబెట్టి, తీపి రసం దించుకున్నాక మిగిలే పిప్పే ఇది. నూరు లీటర్ల బీరుకి దగ్గర దగ్గర 20 కిలోల తడి పిప్పి మిగులుతుంది, అంటే వెయ్యి లీటర్లు కాసే చిన్న పబ్బుకి కూడా ఒక్కో కాపుకి 200 కిలోలు వదిలించుకోవాల్సిన సరుకు. పాడి పశువులు ఉన్నవాళ్ళు దీన్ని ఎప్పట్నుంచో ఎత్తుకెళ్తున్నారు, ఆవుకి నాలుగు అరల కడుపు ఉంది కాబట్టి పీచు ఎంతున్నా అరిగించుకుంటుంది. కోడి కథ వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకో మాట, మా షాపు కస్టమర్లు కూడా అడిగారు కాబట్టి. కోళ్ళకి మత్తెక్కదా అంటే ఎక్కదు. ఈస్టు వేసేది రసం వడగట్టాక, పిప్పి అంతకు ముందే బయటికి వచ్చేస్తుంది, అందులో బీరు అనేది లేనే లేదు. మా అమ్మకి ఎంత చెప్పినా నమ్మకం లేదనుకోండి, ఆ బ్యాచ్ కోడి ఇంటికి తేవద్దంది. కూర తిన్నవాళ్ళు మాత్రం రుచిలో తేడా ఏం లేదన్నారు, నాకూ అనిపించలేదు.

తాజా పిప్పిలో తేమ 75 నుంచి 80 శాతం ఉంటుంది. దాంట్లో ఇంకా మిగిలిన చక్కెర, ప్రొటీన్, పైగా మన ఎండ. మర్నాటికి వేడెక్కుతుంది, రెండు మూడు రోజుల్లో బూజు. అందుకే పబ్బుకి దగ్గర్లో ఉన్నవాళ్ళకే అది పనికొచ్చేది. హోస్కోట దాటాక ఉన్న ఒక చిన్న యూనిట్ వాళ్ళు చేస్తున్నదేమిటంటే, పబ్బుల దగ్గర పిప్పి ఎత్తి, కొంచెం నీళ్ళు పిండేసి, మొలాసిస్, లాక్టిక్ బ్యాక్టీరియా కల్చరు కలిపి, గాలి లేకుండా నీలం డ్రమ్ముల్లో బిగించి వారం పులియబెట్టి అమ్ముతున్నారు. ఊరగాయలా నెలల తరబడి నిలవ ఉంటుందని చెప్తారు, మూత తియ్యనంతవరకు అది నిజమే. వాళ్ళ పేరు రాయను. కింద ఫిర్యాదులు ఉన్నాయి, పైగా ఇదే పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, నేను రాసేది దాదాపు అందరికీ సరిపోతుంది.

డ్రమ్ము మూత తీశాక వాసన చూసి చెప్పేయొచ్చు మంచిదా కాదా. బాగా పులిసినది అచ్చం తరవాణి కుండ వాసనే. లేత గోధుమరంగు, పట్టుకుంటే చేతికి జారదు, పిండితే రెండు మూడు చుక్కలు. ఘాటుగా వెనిగర్ కొట్టినా, వెన్న ముక్కిన కంపు వచ్చినా, పైన తెల్లగా నీలంగా బొచ్చు పట్టినా అది వెనక్కే. నేను పీహెచ్ కాగితాలు ఒక కట్ట దగ్గర పెట్టుకున్నా, పెద్ద ఖరీదేం కాదు. 4.5 కంటే కిందకి ఉండాలి, నాకు వచ్చినవాటిలో ఎక్కువ 4 దగ్గరే ఉన్నాయి. ఆ పులుపులో ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటివి బతకడం కష్టం, ఈ సరుకులో నిజంగా డబ్బు పెట్టదగ్గ గుణం ఇదే అని నా ఉద్దేశం. ప్రొటీన్ కాదు.

ఇప్పుడు ప్రొటీన్ లెక్క. ఇక్కడే అందరూ పడిపోతున్నారు కాబట్టి నిదానంగా చదవండి.

అమ్మడానికి వచ్చిన కుర్రాడు, పాపం మంచివాడే, "అన్నా, 25 పర్సెంట్ ప్రొటీన్, కిలో 8 రూపాయలు, సోయా సగం కట్ చేసేయ్" అన్నాడు. 25 శాతం అనేది అబద్ధం కాదు, కానీ అది ఎండిన పిప్పిలో. డ్రమ్ములో ఉన్నది ఎండినది కాదు. వాళ్ళ లేబుల్ మీదే తేమ 70 శాతం అని ఉంది. అంటే కిలోకి 300 గ్రాములే సరుకు, మిగతా 700 గ్రాములు నీళ్ళు. 8 రూపాయల్ని 0.3తో భాగించండి, దాదాపు 27 రూపాయలు. మామూలు దాణా దినుసుల్లో కూడా పది శాతం తేమ ఉంటుంది కాబట్టి దాన్ని సర్దితే 24 రూపాయలు. అందులో పావు వంతు ప్రొటీన్, అంటే కిలో ప్రొటీన్ 96 రూపాయలు. సోయా చెక్క రేటు వారానికొక తీరు, లెక్క కోసం కిలో 45 అనుకుందాం, ప్రొటీన్ 46 శాతం, కిలో ప్రొటీన్ 98 రూపాయలు పడింది. రెండూ సమానం! 8 రూపాయలకీ 45 రూపాయలకీ మధ్య కనబడిన తేడా అంతా నీళ్ళదే.

సమానమే కదా, అయితే ఏది వాడినా ఒకటేనా అంటే కాదు. సోయా ప్రొటీన్‌లో ఉన్నంత లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆసిడ్) బార్లీ ప్రొటీన్‌లో లేదు. సోయా చెక్కలో లైసిన్ 2.8 శాతం చిల్లర ఉంటే ఎండిన బీరు పిప్పిలో 0.9 దగ్గర ఆగిపోతుంది. బ్రాయిలర్‌కి రొమ్ము కండ పట్టాలంటే లైసిన్ కావాలి, అది తక్కువైతే మిగతా ప్రొటీన్ ఎంత పెట్టినా రెట్టలోకే పోతుంది, షెడ్డులో అమ్మోనియా పెరుగుతుంది. ఇక శక్తి సంగతి. మొక్కజొన్న కిలోకి 3,350 కిలో కేలరీలు ఇస్తే ఎండిన పిప్పి ఇచ్చేది 2,080 దరిదాపు. పీచు 15 శాతం ఉన్న వస్తువు నుంచి అంతకంటే ఏం వస్తుంది? ఫినిషర్ దాణాలో, అంటే అమ్మే ముందు వారాల్లో పెట్టే మేతలో, 3,100 పైన శక్తి పెట్టాలి మనం.

నేను కలిపిన లెక్క ఇదీ. నూరు కిలోల ఫినిషర్‌లో మొక్కజొన్న 5 కిలోలు, సోయా 5 కిలోలు తీసేసి, ఆ 10 కిలోల చోట పిప్పి, ఎండు లెక్కన. శక్తి కిలోకి 80 కిలో కేలరీలు తగ్గింది, దాన్ని పూడ్చడానికి ఇంకో కిలోన్నర నూనె పొయ్యాలి. లైసిన్ పొడి 80 గ్రాముల దాకా అదనం. ప్రొటీన్ పావు శాతం తగ్గుతుంది, దాన్ని వదిలేయొచ్చు. నూనె రేటు వేసుకుని చూసుకోండి, పిప్పి ఫ్రీగా ఇస్తే మిగులుతుంది కానీ 8 రూపాయలకి కొంటే చేతి డబ్బు పడుతుంది. సోయా రేటు ఆకాశానికి అంటినప్పుడు కథ మారుతుందనుకోండి. 2021లో అయింది కదా, చివరికి కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో ఈ డ్రమ్ములు బంగారం. మామూలు రోజుల్లో కాదు.

అయితే పులియబెడితే ఏం మారదా అంటే కొంత మారుతుంది. ధాన్యంలో ఫాస్ఫరస్‌ని పట్టుకుని కూర్చునే ఫైటేట్ కొంత విరుగుతుంది, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ లాంటి జిగురు పదార్థాలు కొంత తగ్గుతాయి, అవి తగ్గితే రెట్ట అంటుకోకుండా ఉంటుంది. పీచు మాత్రం ఎక్కడికీ పోదు. లాక్టిక్ బ్యాక్టీరియా తినేది మిగిలిన చక్కెరని, పొట్టుని కాదు. 15 శాతం పీచు పులిశాక 5 శాతం అయిపోయిందని కరపత్రంలో రాసినవాళ్ళని ఒక రిపోర్టు చూపించమనండి.

వాడకం గురించి. ఇది కాగితం మీద లెక్క కంటే పెద్ద సమస్య.

10 శాతం ఎండు లెక్క అంటే తడి సరుకు 30 కిలోలు. 90 కిలోల పొడి దాణాకి 30 కిలోల తడి పిప్పి కలిపితే మొత్తం దాణాలో తేమ 25 శాతానికి పోతుంది. 14 శాతం దాటితేనే బూజుకి పండగ. అంటే పొద్దున కలిపినది పొద్దునే తినేయాలి, సాయంత్రానికి ఫీడర్‌లో మిగిలిందంటే తీసి పారేయాలి. వేలాడే ట్యూబ్ ఫీడర్లలో పోస్తే గొట్టంలో అతుక్కుని కిందికి దిగదు, కోళ్ళు ఖాళీ పళ్ళేన్ని పొడుస్తూ ఉంటాయి, పైన చూస్తే నిండుగానే కనబడుతుంది. ఆటోమేటిక్ లైన్ ఉన్నవాళ్ళు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు, మోటారు పోతుంది. నేను పాత పొడుగు తొట్లు బయటికి తీయించాల్సి వచ్చింది. వెయ్యి కోళ్ళు నాలుగైదు వారాల వయసులో రోజుకి 150 కిలోల దాకా తింటాయి, ఆ లెక్కన రోజూ దాదాపు ఒక 50 కిలోల డ్రమ్ము విప్పి, పొడి దాణాలో పారతో కలిపి, రెండు పూటలా పోసి, సాయంత్రం తొట్లు కడగాలి. మా షెడ్డు చూసుకునే దంపతులు వారం తిరగకుండానే మొహం మాడ్చారు. "అన్నా, ఇది కోళ్ళ షెడ్డా, ఆవుల కొట్టమా" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. కూలి కొంచెం పెంచాను, ఆ ఖర్చు కూడా ఈ దాణా ఖాతాలోనే రాసుకోవాలి.

అందుకే 5 శాతానికి దిగాను. 95 కిలోలకి 15 కిలోల తడి పిప్పి, తేమ 18 శాతం దగ్గర, పొడిపొడిగా తడిసినట్టు ఉంటుంది, తొట్లో అంటుకోదు, దుమ్ము లేవదు. ఈ పాళ్ళలో పని తేలిక. ఏప్రిల్ ఎండల్లో మధ్యాహ్నం కోళ్ళు రెక్కలు చాపి పడుకుని మేత ముట్టని వేళ ఈ తడి దాణా పోస్తే లేచి వచ్చి తిన్నాయి, అది మాత్రం కళ్ళారా చూశాను, పులుపు వాసనకో చల్లదనానికో మరి. బెంగళూరు ఎండలేం ఎండలు అని మన ఊరివాళ్ళు నవ్వుతారు గానీ రేకుల షెడ్డు కింద నిలబడితే తెలుస్తుంది.

చిన్న పిల్లలకి వద్దే వద్దు. ప్రీ స్టార్టర్‌లో, అంటే పిల్లలకి మొదట్లో పెట్టే దాణాలో, 22, 23 శాతం ప్రొటీన్ ఇరికించాలి, వాటి కందనకాయ చిన్నది, కడుపు చిన్నది, అందులో నీళ్ళకీ పొట్టుకీ జాగా ఇస్తే మొదటి వారం బరువు దెబ్బతింటుంది, మొదటి వారంలో పోయిన బరువు చివర్లో రాదు. మూడో వారం దాటాక కొంచెం కొంచెంగా మొదలుపెట్టి చివరి రెండు వారాలు పూర్తిగా ఇస్తే చాలు. ఒక్కసారిగా మార్చినా రెట్ట పలచబడుతుంది, నాలుగైదు రోజులు మెల్లగా పెంచండి.

ఫలితం ఏంటి అంటే, బరువులో, ఎఫ్‌సీఆర్‌లో (కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తిన్నదనే లెక్క) నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తగ్గలేదు, పెరగలేదు. నూనె, లైసిన్ సర్దాక కదా, అది కూడా గుర్తుపెట్టుకోండి, అవేమీ వెయ్యకుండా సోయా కోసేస్తే కచ్చితంగా తగ్గుతుంది. తేడా కనబడినది లిట్టర్‌లో, అంటే షెడ్డులో కింద పరిచే ఊకలో. ఊక మీద రెట్ట గడ్డలు కట్టడం తక్కువ, జులై వానల్లో సాధారణంగా వచ్చే ఆ కళ్ళు మండే అమ్మోనియా కూడా తక్కువే అనిపించింది. ఈ పేరంతా దాణాకే కట్టబెట్టను, అదే బ్యాచ్‌లో డ్రింకర్ల నిపుల్స్ కూడా మార్పించాను, కారే నీళ్ళు తగ్గాయి. రెండింటిలో ఏది ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. 10 శాతం పెట్టిన రోజుల్లో మాత్రం లిట్టర్ తడిసింది, అది దాణా పనే.

ఇది పెడితే ఆంటీబయాటిక్ అక్కర్లేదు అని వాళ్ళు చెప్పే మాటకి వద్దాం. దాణాలో గ్రోత్ కోసం మందులు కలిపే అలవాటు తగ్గాల్సిందే, కొలిస్టిన్‌ని 2019లో కేంద్రం నిషేధించింది కూడా, ఇంకా దాని కోసం వెతికేవాళ్ళు ఉన్నారు అది వేరే సంగతి. పులిసిన దాణాలో ఉండే లాక్టిక్ యాసిడ్ పేగులో చెడ్డ బ్యాక్టీరియాని కొంత అణుస్తుంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ షెడ్డులో సీఆర్‌డీ (ఊపిరి జబ్బు) వచ్చాక, కాక్సీ (పేగుల జబ్బు) వచ్చాక డ్రమ్ములు తెప్పించి లాభంలేదు. టీకాలు, శుభ్రత, గాలి, లిట్టర్ ఇవి సరిగ్గా ఉన్న షెడ్డులో ఇది అదనపు సాయం. పాడుబడ్డ షెడ్డుని బాగుచేసే వస్తువు కాదు. అమ్మకం కుర్రాడు "మందుల ఖర్చు జీరో అన్నా" అంటే నవ్వి ఊరుకున్నాను.

వాళ్ళ కరపత్రంలో నాకు నిజంగా కోపం తెప్పించిన లైను ఒకటుంది. పులియబెట్టడం వల్ల బూజు విషాలు నశిస్తాయి అట. అఫ్లాటాక్సిన్ అంత తేలిగ్గా నశించేది కాదు, ఉడకబెట్టినా పోదు. లాక్టిక్ బ్యాక్టీరియా దాన్ని కొంత తన ఒంటికి అంటించుకుంటుంది, దాన్ని నమ్ముకుని బూజు పట్టిన పిప్పి కోళ్ళకి పెట్టలేం కదా. పైగా మిగులు ధాన్యం వస్తువుల్లో ఈ విషం చిక్కబడుతుంది. పిండి పదార్థం అంతా సారాయిగానో బీరుగానో బయటికి పోయాక మిగిలినదాంట్లో ప్రొటీన్ ఎలా పెరుగుతుందో విషం కూడా అలాగే పెరుగుతుంది, ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఎండబెట్టిన ధాన్యం పిప్పి, డీడీజీఎస్‌లో అయితే అసలు మొక్కజొన్నలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. బీరు కోసం వాడే మాల్టు మనుషులు తాగేదానికి కొన్న సరుకు కాబట్టి మొదట్లో శుభ్రంగానే ఉంటుంది, ప్రమాదం పబ్బు వెనకాల మూత లేని డబ్బాలో రెండు రోజులు పడి ఉన్న పిప్పితో. అది ఎత్తి పులియబెడితే వాసన పోతుంది, విషం ఉండిపోతుంది. లివర్లు పసుపు రంగుకి తిరిగి పెళుసుగా ఉన్నాయని షాపువాడు ఫోన్ చేసేదాకా మనకి తెలియదు.

అందుకే ల్యాబ్ రిపోర్టు అడిగాను. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది, ఆడుగోడిలో పశు పోషణ మీద ఏకంగా జాతీయ సంస్థే ఉంది, హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ళ సంస్థ ఉంది. కోళ్ళ మేత గురించి తెలిసిన మనుషులు ఇంతమంది ఉన్న ఊరు దేశంలో ఇంకోటి ఉందో లేదో. అలాంటి ఊళ్ళో కూర్చుని దాణా అమ్ముతూ, రిపోర్టు అడిగితే వాట్సాప్‌లో ఏడాది నాటి పేపరు పంపిస్తే ఏమనాలి? అందులో ప్రొటీన్ ఉంది, పీచు ఉంది, అఫ్లాటాక్సిన్ లేదు. రెండోసారి గట్టిగా అడిగితే కొత్త లోడుది పంపారు, అది బాగానే ఉంది. అడిగితేనే ఇస్తారు, కాబట్టి ప్రతిసారీ అడగండి. నేను దాణాలో టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టేసే మందు) కలపడం కూడా మానలేదు.

డీడీజీఎస్‌తో పోలిక అడుగుతారు కాబట్టి రెండు మాటలు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ పుణ్యమా అని బియ్యం, మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీలు ఎక్కువయ్యాయి, మొక్కజొన్న రేటు పెరిగి మన నెత్తిన పడింది, దానికి బదులుగా అన్నట్టు డీడీజీఎస్ మార్కెట్లో కుప్పలు పడింది. మొక్కజొన్నదైతే ప్రొటీన్ 26 నుంచి 30, బియ్యానిదైతే 40 దాటుతుంది. పొడిగా బస్తాల్లో వస్తుంది, మామూలు ఫీడర్లో పోయొచ్చు, నిలవ ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవడమే మీ ఉద్దేశం అయితే డ్రమ్ములు వదిలేసి మంచి రైస్ డీడీజీఎస్ వెతుక్కోండి, లైసిన్ కలుపుకోండి. ఎంచుకునేటప్పుడు రంగు చూడండి, బంగారు రంగు నుంచి లేత గోధుమ దాకా పర్వాలేదు, కాఫీ పొడి రంగులో ఉండి మాడు వాసన వస్తే డ్రయ్యర్లో ఎక్కువ కాలిందన్నమాట, దాంట్లో ఉన్న కాస్త లైసిన్ కూడా కోడికి అందదు. అఫ్లాటాక్సిన్ రిపోర్టు దీనికి ఇంకా ముఖ్యం, కారణం పైన చెప్పాను.

పబ్బుకి పది పదిహేను కిలోమీటర్ల లోపు షెడ్డు ఉన్నవాళ్ళకి ఇంకో దారి, మీరే పులియబెట్టుకోవచ్చు, ఇందులో రహస్యం ఏం లేదు. ఆ రోజు తీసిన పిప్పి మాత్రమే ఎత్తండి, గోనెలో వేసి బరువు పెట్టి నీళ్ళు కారనివ్వండి, నూరు కిలోలకి కిలో బెల్లం కరిగించి చల్లండి, కల్చరు కలపండి, డ్రమ్ములో పొరలు పొరలుగా వేసి కాళ్ళతో తొక్కి గాలి లేకుండా చేసి మూత బిగించండి. వారం ఆగి పీహెచ్ చూడండి. గాలి ఉంటే బూజు, నీళ్ళు ఎక్కువుంటే కంపు, ఈ రెండే శత్రువులు. ఇలా చేసుకుంటే కిలో ఖర్చు వాళ్ళ రేటులో సగం కూడా కాదు, అప్పుడు పైన చెప్పిన లెక్కంతా మీ వైపు తిరుగుతుంది. అయితే సిటీ ట్రాఫిక్‌లో రాత్రి పూట టాటా ఏస్ వేసుకుని పబ్బు వెనక గేటు దగ్గర నిలబడే ఓపిక ఉండాలి, అక్కడి సెక్యూరిటీతో మంచిగా ఉండాలి, పాడి రైతులు ఎప్పటినుంచో కుదుర్చుకున్న సరుకు మనకి ఎందుకిస్తారు అనేది ఇంకో ప్రశ్న. నాకు కుదరలేదు కాబట్టే డ్రమ్ములు కొంటున్నా.

సర్వీసు విషయం. చెప్పిన రోజుకి బండి వస్తుంది, అందులో వంక పెట్టను. డ్రైవరు మన చింతామణి వైపు అబ్బాయే, తెలుగులోనే మాట్లాడతాడు, డ్రమ్ములు షెడ్డు దాకా దొర్లించి పెడతాడు. కానీ ఎండాకాలంలో వచ్చిన లోడులో కొన్ని డ్రమ్ముల మూతలు ఉబ్బి ఉన్నాయి, ఒకటి దింపుతుండగానే ఢాం అని మూత ఎగిరింది. పూర్తిగా పులియకముందే బిగించి పంపేశారు, లోపల గ్యాసు ఇంకా వస్తోంది. ఫోటోలు పంపితే ముందు "అలాగే ఉంటుంది అన్నా, ఏం కాదు" అన్నారు, పీహెచ్ కాగితం ఫోటో కూడా పంపాక మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. కాగితం ఫోటోకి ఉన్న విలువ మన మాటకి లేదు మరి. బిల్లు అడిగితే ఇస్తారు, జీఎస్టీ నంబరుతో. ఫోన్ ఎత్తుతారు, ఆదివారం కూడా.

తూకం మాత్రం దగ్గరుండి చూసుకోండి. 50 కిలోలు అని రాసిన డ్రమ్ములో డ్రమ్ము బరువు కూడా కలిపేసిన సందర్భాలు ఉన్నాయి. తేమ కూడా లోడుకీ లోడుకీ మారుతుంది, లేబుల్ మీద 70 అని అచ్చువేసి ఉంటుంది గానీ పిండితే ధార కట్టిన డ్రమ్ములు కూడా వచ్చాయి. 70కి బదులు 76 ఉందనుకోండి, సరుకు 300 గ్రాముల నుంచి 240కి పడిపోయింది, ఐదో వంతు డబ్బు ఎగిరిపోయినట్టే. ఇంట్లో తేల్చుకోవడం సులువే, ఒక కిలో తూచి పళ్ళెంలో పలచగా పరిచి రెండు మూడు రోజులు గట్టి ఎండలో పెట్టి గలగలలాడే దాకా ఆరబెట్టి మళ్ళీ తూచండి. కచ్చితమైన లెక్క రాదు గానీ మోసం ఉంటే దొరుకుతుంది.

మార్కులు వెయ్యమంటే సరుకుకి 5కి 3.5, రేటుకి 2, సర్వీసుకి 3. నాటుకోళ్ళు, గిరిరాజ లాంటివి పెంచేవాళ్ళయితే సరుకుకి ఇంకో అర మార్కు కలుపుకోండి, అవి నెమ్మదిగా పెరిగేవి, పీచుని కాస్త ఎక్కువే తట్టుకుంటాయి, శక్తి లెక్క అంత బిగుతుగా ఉండదు, రెండొందల కోళ్ళకి తొట్లు కడగడం కూడా పెద్ద పనేం కాదు. వెయ్యి దాటిన బ్రాయిలర్ షెడ్డువాళ్ళు ముందు రెండు డ్రమ్ములు మాత్రమే తెప్పించుకుని ఒక మూల కోళ్ళకి పెట్టి చూడండి, వాళ్ళు మినిమం పది డ్రమ్ములు అంటారు, బేరమాడితే దిగుతారు. డ్రమ్ముకి డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీవి తిరిగి ఇచ్చేటప్పుడు అదే రోజు సంతకం తీసుకోండి, నా డిపాజిట్ కొంత ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, "నెక్స్ట్ లోడులో అడ్జస్ట్ చేస్తాం అన్నా" అంటున్నారు.